ఒక యంత్రములో వేరొక యంత్రము

పల్లెపట్టులలో పగటివేషములు చూచినవారికి ఒక సంగతి తెలిసియే ఉండును. ముఖమునకు రంగు పూసికొని తలపాగా మార్చినంత మాత్రమున వేషము రక్తి కట్టదు. సోమయాజులవారి వేషము వేసినవాడు సోమయాజులవారివలె నడువవలెను, వారివలె మాటలాడవలెను, ఎవరైన ఒక ప్రశ్న వేసినచో వారు చెప్పదగిన సమాధానమునే తడబడక చెప్పవలెను. కంప్యూటర్ల ప్రపంచములోను ఇట్టి వేషధారణ ఒకటి కలదు. ఒక యంత్రము వేరొక యంత్రమువలె ప్రవర్తించి, ఆ రెండవదాని కొరకు వ్రాయబడిన పనులను తాను నెరవేర్చును. ఈ విద్యకు ఎమ్యులేషన్ అని పేరు. ఆ వేషమును కట్టించు ప్రోగ్రామునకు ఎమ్యులేటరు అని పేరు.

టెలివిజనుకు తగిలించి ఆడుకొను ఆటపెట్టెలను అనుకరించిన ఎమ్యులేటర్ల చరిత్రను, అందును ముఖ్యముగా అవి పాతవియు మందగతివియు అయిన కంప్యూటర్ల మీద ఎట్లు నడిచినవో ఆ చరిత్రను, ఈ ప్రసంగములో మేము మనవి చేయదలచినాము. పిల్లల ఆటల సంగతి పెద్దలకేల అని కొందరికి తోచవచ్చును. కాని ఈ కథలో ఆటలకంటె పెద్ద ప్రశ్న ఒకటి దాగి యున్నది. ఒక పాత వస్తువును కాపాడవలసి వచ్చినపుడు, పదిమందికి అందునట్లు కొంత సడలించి కాపాడవలెనా, లేక కొద్దిమందికే అందినను సరియే, ఉన్నది ఉన్నట్లు కాపాడవలెనా? గ్రంథములకు, సంగీతమునకు, ధ్వనిముద్రణలకు ఎదురైన ప్రశ్నయే ఇది. ఆటపెట్టెల విషయములో ఇది పాతికేండ్ల లోపుననే, మన కండ్ల యెదుటనే నడిచినది.

ఎమ్యులేషన్ ఆటల కొరకు పుట్టిన విద్య కాదు. లెక్కల పద్దుల కొరకు పుట్టినది. 1959వ సంవత్సరములో ఐ.బి.యం. సంస్థ 1401 అను కంప్యూటరును ప్రకటించినది. అది వ్యాపారసంస్థలలో మిక్కిలిగా వ్యాప్తి చెందినది. జీతముల పట్టీలు, సరకుల లెక్కలు, ఖాతాదారుల పద్దులు అన్నియు ఆ యంత్రపు భాషలో వ్రాయబడి యుండెను. ఇంతలో 1964 ఏప్రిల్ 7వ తేదీన అదే సంస్థ సిస్టమ్/360 అను సరిక్రొత్త యంత్రకుటుంబమును ప్రకటించినది. క్రొత్త యంత్రమునకు పాత భాష రాదు. ఏండ్ల తరబడి వ్రాయించుకొన్న ప్రోగ్రాములను పారవేసి మరల మొదటినుండి వ్రాయించుకొనుడని చెప్పినచో కొనువారు వెనుదీయుదురు. కనుక క్రొత్త యంత్రములోని అంతర్గత సూక్ష్మాదేశములలోనే పాత యంత్రపు నడకను ఇమిడ్చినారు. ఎమ్యులేటరు అను మాట ఈ అర్థములో వాడుకలోనికి వచ్చినది ఆ సంస్థలో, ఆ రోజులలోనే.

ఇచట ఒక విశేషము గమనింపదగినది. 1401ని అనుకరించిన సిస్టమ్/360 యంత్రము దానికంటె చాల బలమైనది. వేషధారి అసలుకంటె సమర్థుడగుట ఈ విద్యకు మొదటినుండియు ఆధారము. ఏలయన, అనుకరణ ఎల్లపుడును ఖర్చుతో కూడిన పని. అసలు యంత్రము ఒక ఆదేశమును తన తీగెలలోనే నెరవేర్చివేయును. అనుకరించు యంత్రము అదే ఆదేశమును ముందుగా జ్ఞాపకశాలనుండి తెచ్చుకొని, ఇది ఏ ఆదేశమని విచారించి, దానికి సరియైన తన సొంత ఆదేశములను వెదకి, వాని నొక్కొక్కటిగా జరిపి, పిదప అసలు యంత్రములో ఏ అంకె మారియుండునో ఆ అంకెను తన పట్టికలో మార్చుకొనవలెను. ఒక మాటకు బదులు పది మాటలు చెప్పవలసి వచ్చుననుట అతిశయోక్తి కాదు.

ఇక ఆటపెట్టెల మాటకు వత్తము. జపానుదేశపు నింటెండో సంస్థ 1983 జులై 15వ తేదీన ఫామికామ్ అను ఆటపెట్టెను విడుదల చేసినది. 1985లో అదే యంత్రము నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ అను పేరుతో అమెరికాలో ప్రవేశించినది. దాని నకళ్ళు అనేకములు 1990 దశకములో మన దేశమునకును వచ్చినవి. తెలుగునాట పట్టణములలో పిల్లలు సెలవులలో టీవీ ముందు కూర్చుండి ‘వీడియోగేము’ అని ఆడుకొన్నది పెక్కు ఇండ్లలో ఈ నకలు పెట్టెతోనే. అందులో గ్రుచ్చు కాట్రిడ్జిని మన పిల్లలు ‘క్యాసెట్టు’ అనిరి. అందులో టేపు లేకున్నను ఆ పేరే నిలిచినది.

ఈ పెట్టె లోపలి సరంజామా నేటి కొలతలకు బహు స్వల్పము. దాని ప్రాసెసరు సెకనుకు సుమారు 17 లక్షల 90 వేల స్పందనలతో నడచును. పనికి ఉపయోగించు జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు మాత్రమే. 1985లో వెలువడిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఆట అంతయు 40 కిలోబైట్లలో ఇమిడినది. ఇంత చిన్న యంత్రమును అనుకరించుట పెద్ద కంప్యూటరునకు ఒక లెక్కా అని అనిపించును. లెక్క వేసి చూతము.

ఆ పెట్టె సెకనుకు 60 బొమ్మలు చూపును. ఒక్కొక్క బొమ్మలో అడ్డముగా 256, నిలువుగా 240 చుక్కలు. అనగా మొత్తము 61,440 చుక్కలు. ఒక బొమ్మ పూర్తియగులోపల ప్రాసెసరు సుమారు 29,780 స్పందనలు గడుపును. 1990 దశకపు మధ్యభాగములో ఇండ్లలోను కార్యాలయములలోను కానవచ్చిన 486 జాతి కంప్యూటరు 66 మెగాహెర్ట్జ్ వేగము గలదనుకొందము. దానికి ఒక బొమ్మ వ్యవధిలో 11 లక్షల స్పందనలు లభించును. అసలు ప్రాసెసరు ఒక స్పందనకు ఇచట 37 మాత్రమే. ఆ ముప్పదియేడింటిలోనే ఆదేశమును విచారించవలెను, నెరవేర్చవలెను. అంతియే కాక, బొమ్మ గీయు రెండవ భాగమును, ధ్వని పుట్టించు మూడవ భాగమును కూడ అనుకరించవలెను. బొమ్మలోని చుక్కలకే ఈ స్పందనలన్నియు వెచ్చించినను చుక్కకు 18 చొప్పున కూడ రావు. అసలు పెట్టెలో ఈ భాగములన్నియు ఒకేసారి, ప్రక్కప్రక్కన, ఎవరి పని వారు చేసికొనుచుండును. అనుకరించు కంప్యూటరు ఒంటరిగా ఆ అందరి పనియు వంతులవారీగా చేయవలెను. భజనబృందములోని మృదంగము, తాళము, గాత్రము ఒక్కడే వాయించి పాడవలసి వచ్చినట్లు ఇది.

ఈ కష్టమును ఎదుర్కొన్న తొలివారిలో మరాట్ ఫైజులిన్ పేరు చెప్పదగినది. ఆయన 1995లో నింటెండోవారి చేతి ఆటయంత్రమైన గేమ్‌బాయ్‌కి ఒక ఎమ్యులేటరును, 1996లో ఫామికామ్‌కు ఐనెస్ అను ఎమ్యులేటరును వెలువరించినారు. కాట్రిడ్జిలోని ఆటను ఫైలుగా భద్రపరచుటకు ఐనెస్ ఏర్పరచిన పద్ధతి, మొదట 16 బైట్ల శీర్షికతో కూడినది, తరువాతివారందరికి ప్రమాణమైనది. 1997 ఏప్రిల్ 3వ తేదీన నెస్టికిల్ అను ఎమ్యులేటరు వెలువడినది. బ్లడ్‌లస్ట్ సాఫ్ట్‌వేర్ అను పేరుతో, సార్డు అను మారుపేరు గల ఒక రచయిత దానిని వ్రాసినాడు. అది డాస్ మీదను, విండోస్ 95 మీదను నడచినది. అంతకు ముందు పెద్ద యంత్రములను కోరిన పని 486 జాతి కంప్యూటర్లకును అందుబాటులోనికి రాగా, అది చూచినవారి ఆశ్చర్యమునకు మేర లేకపోయెను.

ఆ వేగము ఎట్లు వచ్చినది? ఇందు మంత్రమేమియు లేదు. గృహిణి చాలీచాలని ఆదాయముతో సంసారము గడుపు నేర్పు వంటి నేర్పు కలదు. మొదటి ఉపాయము, ముఖ్యమైన భాగములను కంప్యూటరు సొంత భాషలోనే, అనగా అసెంబ్లీలో, చేతితో వ్రాయుట. రెండవది, మాటిమాటికి వేయవలసిన లెక్కలను ముందే వేసి పట్టికలలో పెట్టుకొనుట; పంచాంగము చేతిలో ఉన్నవాడు తిథికై ప్రతిదినము గణితము చేయడు గదా. మూడవది, సమయము చాలనపుడు కొన్ని బొమ్మలను గీయకుండ విడిచిపెట్టుట. ఆట లోపల యథావిధిగా నడచుచునే యుండును. చూచువానికి సెకనుకు అరువదికి బదులు ముప్పదియో ఇరువదియో బొమ్మలు కనబడును. నాలుగవది, ధ్వనిని తక్కువ నాణ్యముతో పుట్టించుట, లేదా పూర్తిగా ఆపివేయుట.

అయిదవ ఉపాయము అన్నింటికంటె సూక్ష్మమైనది. అసలు పెట్టెలో బొమ్మ చుక్క చుక్కగా గీయబడును. ప్రాసెసరు ఒక్క స్పందన గడుపునంతలో మూడు చుక్కలు పడును. తొలినాటి ఎమ్యులేటర్లు అంత సన్నని లెక్క పాటింపలేదు. ప్రాసెసరును ఒక వరుసకు సరిపడు కాలము నడిపి, పిదప ఆ వరుసలోని 256 చుక్కలను ఒకేసారి గీసివైచినవి. ఇది చాలవరకు చెల్లునా? చెల్లును. సూపర్ మారియో ఆటలో పైభాగమున అంకెల పట్టీ కదలక నిలిచియుండగా, క్రింద దృశ్యము ప్రక్కకు జరుగుచుండును. అందుకై ఆట ఒక చిన్న గుర్తును అంకెల పట్టీ అంచున ఉంచి, గీత ఆ గుర్తును తాకువరకు వేచియుండి, తాకినవెంటనే క్రిందిభాగపు స్థానమును మార్చును. పూర్తి బొమ్మను ఒకేసారి గీయు ఎమ్యులేటరులో ఈ ఉపాయము భగ్నమగును. వరుసవరుసగా గీయుదానిలో నిలుచును. కనుక ఎంత సూక్ష్మముగా అనుకరించవలెనను ప్రశ్నకు ‘ఆట చెడనంత’ అనుట ఆ కాలపు సమాధానము.

1997లోనే ఇంకొక మెట్టు పైకి ఎక్కుట జరిగినది. నింటెండోవారి రెండవ ఆటపెట్టె సూపర్ ఫామికామ్ 1990 నవంబరు 21న జపానులో వెలువడినది. దాని ప్రాసెసరు గరిష్ఠవేగము 3.58 మెగాహెర్ట్జ్, జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు, ధ్వనికి వేరుగా ఒక ప్రాసెసరు. కొన్ని కాట్రిడ్జిలలో అదనపు ప్రాసెసర్లు కూడ అమర్చబడినవి. 1993 నాటి ‘స్టార్ ఫాక్స్’ ఆటలో సూపర్ ఎఫ్ఎక్స్ అనునది అట్టిది. ఈ పెట్టెకు 1997 అక్టోబరులో జెడ్‌స్నెస్ అను ఎమ్యులేటరు వెలువడినది. దాదాపు అంతయు ఇంటెల్ జాతి అసెంబ్లీలో వ్రాయబడినందున అది స్వల్పశక్తి గల కంప్యూటర్ల మీద కూడ పరుగులు తీసినది. ఇంచుమించు అదే కాలములో, గ్యారీ హెండర్సన్ వ్రాసిన ఎమ్యులేటరును, జెరెమీ కూట్ వ్రాసిన ఎమ్యులేటరును ఏకమై స్నెస్9ఎక్స్ అనునది ఏర్పడినది. ఇది కొంత నెమ్మదియైనను ఇతర జాతుల యంత్రములకు మార్చుకొన వీలైనది. ఈ భేదము తరువాత ఎంతటి ఫలితము నిచ్చినదో ముందు చెప్పుదుము.

1999 జనవరి నెల ఈ చరిత్రలో మరపురానిది. అంతవరకు అనుకరించబడినవి పాతబడిన ఆటపెట్టెలు. ఆ నెల 5వ తేదీన, శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రదర్శనలో స్టీవ్ జాబ్స్ వేదికపై కనెక్టిక్స్ సంస్థవారి వర్చువల్ గేమ్ స్టేషన్‌ను ప్రకటించినాడు. అది అప్పటికి అంగళ్ళలో జోరుగా అమ్ముడగుచున్న సోనీవారి ప్లేస్టేషన్ ఆటలను మాకింటోష్ కంప్యూటరు మీద నడిపినది. మరి మూడు వారములు గడచి, 28వ తేదీన, అల్ట్రాహెచ్ఎల్ఈ అను ఎమ్యులేటరు వెలువడి నింటెండో 64 ఆటలను నడిపినది. ఆ ఆటపెట్టె పుట్టి అప్పటికి రెండున్నర సంవత్సరములే.

ఇచటి లెక్క ఇంకను బిగువైనది. ప్లేస్టేషన్ ప్రాసెసరు వేగము 33.87 మెగాహెర్ట్జ్. 1998లో వచ్చిన మొదటి ఐమ్యాక్ వేగము 233 మెగాహెర్ట్జ్. తేడా 7 రెట్లు మాత్రమే. ఫామికామ్ నాటి 37 ఇచట 7కు దిగినది. ఒక్కొక్క ఆదేశమును తెచ్చి, విచారించి, నెరవేర్చు పద్ధతి ఇంత ఇరుకులో సాగదు. ఇట్టి చోట్ల వాడుకకు వచ్చినది అనువాదపద్ధతి. పరభాషలో ఉపన్యాసము సాగుచుండగా ఒక్కొక్క మాటకు నిఘంటువు తిరుగవేయుట ఒక విధము. ఒకసారి పేరా మొత్తమును తెలుగులో వ్రాసిపెట్టుకొని, అదే పేరా మరల వచ్చినపుడు వ్రాసినదానినే చదువుట మరియొక విధము. ఆటలలో ఒకే ఆదేశములవరుస వేలసార్లు తిరిగి వచ్చును గనుక, మొదటిసారి అనువాదమునకు పట్టిన కాలము తరువాత వడ్డీతో సహా తిరిగి వచ్చును.

అల్ట్రాహెచ్ఎల్ఈ ఎన్నుకొన్న మార్గము వేరొకటి. నింటెండో 64 ప్రాసెసరు 93.75 మెగాహెర్ట్జ్‌ది. దానికి తోడు బొమ్మలను గీయుటకు వేరొక బలమైన భాగము కలదు. ఆ రెంటిని అడుగడుగునకు అనుకరించుట ఆనాటి ఇంటి కంప్యూటర్లకు అసాధ్యము. కనుక దాని రచయితలు, బొమ్మ గీయు భాగము ఎట్లు పనిచేయునో అనుకరించుట మాని, ఆట దానిని ఏమి గీయుమని కోరుచున్నదో దానిని మాత్రము గ్రహించినారు. ఆ కోరికను తమ కంప్యూటరులోని 3డిఎఫ్ఎక్స్ వూడూ కార్డుకు అప్పగించినారు. వంటవాని చేతికదలికలు అనుకరింపక, ఆయనకు అందిన చీటి చూచి మన వంటింటిలో మన పాత్రలతో ఆ వంటకమునే చేసినట్లు ఇది. ‘సూపర్ మారియో 64’ వంటి కొన్ని ఆటలు చక్కగా నడచినవి. తక్కినవి చాలవరకు నడవలేదు. చీటిలో తెలియని మాట వచ్చినచోట వంట ఆగిపోవును గదా. ఆ ఎమ్యులేటరును దాని రచయితలు త్వరలోనే ఉపసంహరించుకొన్నారు. కాని ఆ పద్ధతి మాత్రము నిలిచిపోయినది.

సోనీ సంస్థ కనెక్టిక్స్ మీద వ్యాజ్యము తెచ్చినది. ప్లేస్టేషన్ లోపలి మూలప్రోగ్రామును కనెక్టిక్స్ ఇంజనీర్లు తమ పరిశోధనలో నకలు తీసి పరిశీలించినారనుట సోనీ అభియోగము. 1999 ఏప్రిల్‌లో క్రింది న్యాయస్థానము అమ్మకమును నిలిపివేసినది. 2000 ఫిబ్రవరి 10వ తేదీన అమెరికాలోని తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము ఆ ఉత్తర్వును త్రోసివేసి, ఒక యంత్రముతో పొసగు క్రొత్త వస్తువును తయారుచేయుటకై పరిశోధనలో తీసిన అట్టి నకలు న్యాయసమ్మతమైన వినియోగమే యగునని తీర్పు చెప్పినది. తీర్పులో కనెక్టిక్స్ గెలిచినను, 2001లో సోనీయే ఆ ఎమ్యులేటరును కొని అమ్మకము నాపివేసినది. ప్లేస్టేషన్‌ను ఇంటెల్ జాతి కంప్యూటర్ల మీద అనుకరించిన బ్లీమ్ అను సంస్థ కూడ న్యాయస్థానములో నెగ్గినది. కాని వ్యాజ్యముల భారము మోయలేక 2001లో మూతపడినది. ఈ తీర్పుల ఫలితముగా ఎమ్యులేటరును వ్రాయుట నేరము కాదని స్పష్టమైనది. ఆటలను ఇష్టము వచ్చినట్లు నకలు తీసి పంచుకొనుటకు మాత్రము ఈ తీర్పులు అనుమతి ఇచ్చినవి కావు. ఆ తారతమ్యమును గృహస్థులు తమ పిల్లలకు తెలియజేయుట మంచిది.

ఇక ఈ విద్య ఎవరికి ఉపకరించినది? కార్యాలయములు పారవేసిన కంప్యూటరును చౌకగా కొని తెచ్చుకొన్న ఇంటివారికి, అన్నగారు చదువు ముగించి విడిచిపోయిన యంత్రముతో కాలము గడిపిన తమ్ములకు, ఆటపెట్టె వెల భరింపలేని దేశములలోని పిల్లలకు. ఉదాహరణకు ‘సేకెన్ డెన్సెట్సు 3’ అను ఆట 1995లో జపానులో మాత్రమే, జపాను భాషలో మాత్రమే వెలువడినది. 2000 సంవత్సరములో అభిమానులు స్వచ్ఛందముగా దానికి ఇంగ్లీషు అనువాదమును పూర్తిచేసినారు. ఆ ఆటకు అధికారికమైన ఇంగ్లీషు పాఠము వెలువడినది 2019లో. నడుమ గడచిన 19 సంవత్సరములు దానిని ఇంగ్లీషులో ఆడినవారందరు అభిమానుల అనువాదమునకు ఋణపడినవారే. వారిలో అత్యధికులకు దానిని అందించినవి సామాన్యమైన కంప్యూటర్ల మీద నడచిన ఎమ్యులేటర్లే.

ఇంతవరకు వేగము సాధించిన విజయములు చెప్పినాము. దానికి చెల్లించిన వెల ఇపుడు చెప్పవలెను. ఎమ్యులేటరులోని దోషము ఆటలో కనబడినంతకాలము దానిని ఎవరో ఒకరు సవరింతురు. కనబడని దోషము అట్లే నిలిచియుండును. అంతకంటె విషమమైనది వేరొకటి కలదు. అభిమానులు తాము మార్చిన ఆటలను, తాము చేసిన అనువాదములను ప్రధానముగా జెడ్‌స్నెస్ మీదనే పరీక్షించుకొనుచు వచ్చినారు. ఫలితముగా కొన్ని రచనలు జెడ్‌స్నెస్ దోషములమీదనే ఆధారపడినవై, ఆ ఎమ్యులేటరులో చక్కగా నడచి, అసలైన ఆటపెట్టెలో నడవకపోయినవి. నకలు అసలును శాసించినది!

మన తాళపత్రగ్రంథముల చరిత్ర తెలిసినవారికి ఇది క్రొత్త గాదు. లేఖకుడు ఒక అక్షరము తప్పు వ్రాయును. తరువాతివాడు ఆ తప్పునకు ఛందస్సు కుదురునట్లు ప్రక్కమాటను దిద్దును. ఆ పిదప వచ్చిన వ్యాఖ్యాత ఆ దిద్దుబాటుకు ఒక అర్థము కల్పించును. నూరేండ్లు గడచునప్పటికి కవి వ్రాసినది ఏదియో తెలియరాదు. పాఠపరిష్కర్తలు పది ప్రతులను సరిచూచి మూలమును వెదకుట అందువలననే అవసరమైనది.

ఆటల విషయములో అట్టి పరిష్కర్తగా నిలిచినవాడు బ్యూ అను మారుపేరుతో ప్రసిద్ధుడైన రచయిత. 2004లో పని ప్రారంభించి 2005లో ఆయన బీస్నెస్ అను ఎమ్యులేటరును వెలువరించినాడు. ఆట నడచినచాలుననుట ఆయన సిద్ధాంతము కాదు. సూపర్ ఫామికామ్‌లోని ప్రతి భాగమును ప్రతి స్పందనయందును అసలువలెనే నడువవలెననుట ఆయన పట్టుదల. ‘ఎయిర్ స్ట్రైక్ పెట్రోల్’ అను ఆటలో విమానము క్రింద ఒక నీడ కనబడవలెను. ఆట ఆ నీడను ఒక వరుస గీయబడుచుండగా, వరుస మధ్యలో వెలుగును మార్చి పుట్టించును. వరుసను ఒకేసారి గీయు ఎమ్యులేటరులో ఆ నీడ కానరాదు. ఆట ఆగదు, చూచువానికి లోపము తెలియను కూడ తెలియదు, కాని నీడను చూచి బాంబు ఎచట పడునో అంచనా వేసికొను ఆటగాడు ఒక ఆధారమును పోగొట్టుకొనును. ‘స్పీడీ గొంజాలెస్’ అను ఆటలో మరియొక విధమైన చిక్కు. దాని చివరి ఘట్టములలో ఒకచోట, యంత్రములో ఏమియులేని చిరునామానుండి అంకె చదివినపుడు తీగెలపై మిగిలియున్న పాత అంకె తిరిగి వచ్చును. ఆ విచిత్రమును అనుకరింపని ఎమ్యులేటరులో ఆట అచటనే నిలిచిపోయెడిది. ఎంతో శ్రమించి అంతవరకు వచ్చినవానికి ముగింపు దక్కెడిది కాదు.

ఈ నిష్ఠకు వెల ఏమి? 3.58 మెగాహెర్ట్జ్ యంత్రమును సంపూర్ణముగా అనుకరించుటకు 3 గిగాహెర్ట్జ్ తరగతి ప్రాసెసరు అవసరమగుచున్నదని ఆయనయే 2011లో ఒక వ్యాసములో వివరించినాడు. అనగా దాదాపు 800 రెట్ల వేగము. పాత కంప్యూటరు గలవారికి అది అందని పండు. ‘ఒక నీడకై ఇంత వ్యయమా’ అని కొందరు ఎగతాళి చేసినారు. కాని ఆ నీడ అడుగున ఒక తర్కమున్నది. కాట్రిడ్జిలు శాశ్వతములు కావు. 1987లో అమెరికాలో వెలువడిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ కాట్రిడ్జిలో ఆటగాని పురోగతిని నిలుపుకొనుటకు ఒక చిన్న బ్యాటరీ అమర్చినారు. అట్టి బ్యాటరీలు కాలక్రమమున నశించును. ఆటపెట్టెలలోని కెపాసిటర్లు ఎండిపోవును. అసలు యంత్రము ఒక్కటియు పనిచేయని నాడు, అది ఎట్లు నడచినదో చెప్పుటకు మిగులు సాక్షి ఎమ్యులేటరు ఒక్కటియే. సాక్షి జ్ఞాపకము సరిగా లేనిచో అసలు సంగతి ఎవరు చెప్పవలెను?

అట్లని పాత ఎమ్యులేటర్ల పని ముగిసినదనుకొనరాదు. 2012 ఫిబ్రవరి 29వ తేదీన ఇంగ్లండులో రాస్ప్‌బెరీ పై అను అరచేతి వెడల్పు కంప్యూటరు అమ్మకమునకు వచ్చినది. 35 డాలర్ల వెల; 700 మెగాహెర్ట్జ్ వేగము. దాని ప్రాసెసరు ఇంటెల్ జాతిది కాక ఏఆర్ఎమ్ జాతిది. అప్పుడు, ఇంతకు ముందు మేము సూచించిన భేదము బయల్పడినది. ఇంటెల్ అసెంబ్లీలో వ్రాయబడిన జెడ్‌స్నెస్, ఒకనాడు తనకు వేగమునిచ్చిన గుణమువలననే, ఈ క్రొత్త గడప దాటలేకపోయినది. నెమ్మదియని పేరుపడిన స్నెస్9ఎక్స్ దాటినది. ఇంతియే కాదు. రెట్రోఆర్క్ అను ఎమ్యులేటర్ల సంపుటిలో స్నెస్9ఎక్స్ 2002, 2005, 2010 సంవత్సరముల నాటి పాఠములను వేరువేరుగా భద్రపరచినారు. క్రొత్త పాఠము మరింత నిజమైనది. పాత పాఠము మరింత తేలికయైనది. యంత్రము శక్తినిబట్టి ఇంటివారు తమకు తగినదానిని ఎన్నుకొనవచ్చును. పాతదానిని రద్దుచేసి క్రొత్తదానిని నిలుపుట అభివృద్ధియని తలచు మన అలవాటునకు ఇది మంచి విరుగుడు.

ఈ చరిత్రనుండి మేము గ్రహించిన సంగతిని రెండు మాటలలో చెప్పి విరమింతుము. వేగమును ఆశ్రయించినవారు లేకున్నచో ఈ ఆటలు కొద్దిమంది సంగ్రాహకుల అలమారలలో మూలుగుచుండెడివి. వానిని కాపాడవలెనను కోరికయే పదిమందిలో పుట్టెడిది కాదు. నిష్ఠను ఆశ్రయించినవారు లేకున్నచో పదిమందికి అందినది ఏ ఆటయో, దాని నకలులోని తప్పులెన్నియో తెలియకపోయెడిది. పాటను తేలికపరచి పదిమంది చేత పాడించు భజనగురువును, స్వరస్థానము తప్పక పట్టు విద్వాంసుడును ఒకే సంగీతమును నిలుపుచున్నారు. ఒకరిని చూచి మరియొకరు నవ్వుట తగదు.

రేడియోవారమైన మాకు ఈ సంగతి మరింత దగ్గరది. ధ్వనిముద్రణ చేసిన టేపును చిన్న గ్రాహకములో వినదగినట్లు తగ్గించి ప్రసారము చేయుట ఒక పని. మూలమైన టేపును తగ్గింపక, చెరపక, బీరువాలో భద్రముగా ఉంచుట మరియొక పని. మొదటిది నేటి శ్రోత కొరకు. రెండవది రాబోవు శ్రోత కొరకు. మీ ఇంట ఏ మూలనో పాత కంప్యూటరు ఒకటి దుమ్ము పట్టి యున్నచో, దానికి తగినంత తేలికయైన ఎమ్యులేటరు ఏదియో ఒకటి నేటికిని దొరకును. మీరు న్యాయముగా పొందిన ఆటను దానిమీద నడిపి చూడుడు. అప్పుడు తెరమీద విమానము క్రింద నీడ కనబడకపోయినచో, ఆ నీడను కాపాడుటకై వేరొకచోట ఎవరో శ్రమపడినారని మాత్రము జ్ఞాపకముంచుకొనుడు.